హోసూరు రైలుదారి ఎనభై ఏడో వంతులో

హోసూరు మీదుగా వందేళ్లలో మూడు రకాల పట్టాలు పడ్డాయి. మొదటిది రెండున్నర అడుగుల న్యారో గేజి. మొరప్పూరు నుంచి ధర్మపురి దాకా 1906లో వేసి, 1913లో హోసూరుకు పొడిగించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, ఆ చిన్న రైలు ఆగిపోయింది. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊరికి రైలే లేదు. 1960ల చివర సేలం–బెంగళూరు మీటర్ గేజి వచ్చింది, 1990లలో అది బ్రాడ్ గేజిగా మారింది. ఈ మధ్య ఏళ్లలో పైన కరెంటు తీగలూ లాగారు.

హోసూరు వైపు పల్లె అయిన అత్తిముగంలో పట్టాలు లేవు. అక్కడివాళ్లయినా, బేరికె, సూళగిరి వైపు పల్లెల తెలుగువాళ్లయినా రైలెక్కాలంటే హోసూరు స్టేషనుకు రావాల్సిందే. ఆ స్టేషనులో వాళ్లు చూస్తూ పెరిగిన ఇంజను డీజిలు. రాయకోట గుట్టల మధ్య నుంచి వినబడే హారన్, ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటులో నల్లటి పొగ కక్కుతూ ఎక్కే సరుకు బండి, ఇవన్నీ ఆ కాలానివి. కరెంటు ఇంజన్లు వచ్చాక డీజిళ్లు పలచబడుతున్నాయి. పోతున్నదాన్ని ఒక బల్ల మీదైనా నిలబెట్టుకోవాలని కొందరికి అనిపించడంలో వింత లేదు.

నమూనా రైళ్ల పనిలోకి కొత్తగా దిగేవాళ్లు వేసే మొదటి ప్రశ్న "ఏ ఇంజను కొనాలి?" అని. దానికి ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. మీ బల్ల మీద పట్టా ఎంత వంపు తిరగగలదు? మీరు చేయదలచుకున్నది ఏ ఏడాదిలో, ఏ స్టేషనులో నిలబడ్డ ఏ ఒక్క ఇంజను? ఈ రెండూ తేలితే మిగతా ఎంపికలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. ఇది ఇష్టాయిష్టాల మీద చెబుతున్న మాటే అయినా దీని వెనక లెక్కలున్నాయి.

ముందు కొలత సంగతి. ప్రపంచమంతటా ఎక్కువమంది వాడేది హెచ్ఓ. అసలు వస్తువులో ఒక అడుగు ఇందులో 3.5 మిల్లీమీటర్లు, అంటే 1:87.1. మన డబ్ల్యూడీఎం-2 డీజిలు ఇంజను బఫర్ల కొస నుంచి కొసకు 17.12 మీటర్లు. హెచ్ఓలో అది 197 మిల్లీమీటర్లు, జానెడు కంటే కాస్త తక్కువ. 4.185 మీటర్ల ఎత్తు 48 మిల్లీమీటర్లవుతుంది. ఇంట్లో చోటు తక్కువైనవాళ్లు ఎన్ కొలత, అంటే 1:160, తీసుకుంటారు. అందులో అదే ఇంజను 107 మిల్లీమీటర్లు. అరచేతిలో ఇమిడిపోతుంది, కానీ చేతికమ్మీలూ జాలీలూ చెక్కడానికి చూపు, ఓపిక రెండూ కావాలి.

ఇక్కడే మనవాళ్లకు ఒక చిక్కుంది. హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది అమెరికా, యూరప్‌లలో వాడే 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి సరిపోయేది. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు, ఎనభై ఏడో వంతులో 19.2 మిల్లీమీటర్లు రావాలి. దుకాణంలో దొరికే పట్టా మీద మన ఇంజను నిలబెడితే అసలు లెక్కలో అది 24 సెంటీమీటర్లు ఇరుకు పట్టా మీద నిలబడ్డట్టు. పక్క నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఎదురుగా చూస్తే మాత్రం కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డ మనిషిలా కనిపిస్తుంది. పట్టుదల ఉన్నవాళ్లు 19.2 మిల్లీమీటర్ల పట్టా సొంతంగా వేసుకుని, ఇరుసులు మార్చుకుంటారు. చిన్న బల్ల మీద మొదటిసారి చేసేవాళ్లు అంత పనికి దిగనక్కరలేదని నా అభిప్రాయం. బల్లను కంటి ఎత్తులో, గోడ వారగా పెట్టి, బండిని పక్క నుంచే చూసేలా అమర్చుకుంటే ఈ లోపం మరుగున పడుతుంది.

మీటర్ గేజికి ఈ బాధ దాదాపు లేదు. వెయ్యి మిల్లీమీటర్లలో ఎనభై ఏడో వంతు 11.5. స్విట్జర్లాండులో మీటర్ గేజి రైళ్లు చాలా ఉండటం వల్ల ఆ నమూనాల కోసం 12 మిల్లీమీటర్ల హెచ్ఓ పట్టా తయారుగా దొరుకుతుంది. తేడా అర మిల్లీమీటరు. అంటే హోసూరు మీటర్ గేజి రోజులు బ్రాడ్ గేజి రోజులకంటే బల్ల మీద ఎక్కువ సరిగ్గా కుదురుతాయి. ఆ కాలంలో దక్షిణాది మీటర్ గేజి మీద రాజ్యమేలిన డీజిలు వైడీఎం-4. ఆల్కో కంపెనీ నమూనా, ఆరు సిలిండర్లు, 1,400 హార్స్‌పవర్, 72 టన్నులు. గుంతకల్లు షెడ్డులో ఇవి ఏళ్ల తరబడి ఉన్నాయి కాబట్టి రాయలసీమవాళ్లకూ చిరపరిచితమైన ఇంజనే. రెడీమేడ్‌గా దొరకదు, పైతొడుగు త్రీడీ ప్రింటరులో ముద్రించుకోవాలి. అయినా చోటు తక్కువైనవాడికి దీన్ని మించిన ఎంపిక లేదంటాను.

వంపు విషయానికొద్దాం. మన బ్రాడ్ గేజి మీద అనుమతించే అతి గట్టి వంపు పది డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. హెచ్ఓలో అది రెండు మీటర్లు. అంత వంపుతో గుండ్రంగా పట్టా వేయాలంటే నాలుగు మీటర్లకు పైగా వెడల్పున్న గది కావాలి. అందుకే అందరూ రాజీ పడతారు. బజారులో తేలిగ్గా దొరికే వంపు ముక్క 457 మిల్లీమీటర్ల వ్యాసార్ధంది, మన పాత లెక్కలో 18 అంగుళాలు. అసలు లెక్కకు మార్చితే అది 40 మీటర్ల వంపు. నిజమైన డబ్ల్యూడీఎం-2 అక్కడ తిరగలేదు.

నమూనా ఇంజను తిరుగుతుంది, కానీ చూపు చెడుతుంది. ఇంజను కింద చక్రాల చట్రాలు రెండుంటాయి. వాటి నడిమి కీలకాల మధ్య దూరం 120 మిల్లీమీటర్లనుకుందాం. వంపులో ఇంజను నడుం పట్టా మధ్యగీత నుంచి లోపలికి ఎంత జరుగుతుందో తెలియాలంటే, ఆ దూరాన్ని వర్గం చేసి వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. 457 మిల్లీమీటర్ల వంపులో అది 3.9 మిల్లీమీటర్లు, 762 మిల్లీమీటర్ల వంపులో 2.4 మిల్లీమీటర్లు. కొసలు అదే తీరున బయటికి తోసుకొస్తాయి. పొడుగు ఇంజనుకు ఇది వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి ఇరవై మీటర్లు దాటిన డబ్ల్యూడీజీ-4 చిన్న వంపులో తిరుగుతుంటే బొమ్మలాగే ఉంటుంది. పక్కన వేసిన ప్లాట్‌ఫారం అంచు గీసుకుంటుంది కూడా. ఆరు ఇరుసుల ఇంజన్లకు కనీసం 559 మిల్లీమీటర్లు, అంటే 22 అంగుళాలు, పెట్టుకోండి. వీలైతే ఇంకా ఎక్కువ. అంత చోటు లేకపోతే ఎన్ కొలతకు దిగండి, అందులో 280 మిల్లీమీటర్ల వంపుతో రెండడుగుల వెడల్పు బల్ల మీదే పని జరిగిపోతుంది. కలల ఇంజనును ముందు కొని తర్వాత బల్ల కొలుచుకున్నవాళ్ల ఇళ్లలో ఆ ఇంజను అద్దాల బీరువాలోనే ఉండిపోతుంది.

ఇక ఏ ఇంజను? పేర్లు ఒకసారి విప్పి చూద్దాం. మొదటి అక్షరం గేజి: డబ్ల్యూ బ్రాడ్, వై మీటర్. రెండోది డి, డీజిలు. మూడోది పని: ఎం అంటే రెండు రకాల బండ్లకూ, జి సరుకుకు, పి ప్రయాణికులకు. డబ్ల్యూడీఎం-2 మన డీజిళ్లలో పెద్దన్న. అమెరికాలోని ఆల్కో నుంచి 1962లో వచ్చింది, వారణాసి కర్మాగారం 1964 నుంచి ఇక్కడే తయారు చేసింది. రెండున్నర వేలకు పైగా తయారయ్యాయి. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, దాదాపు 113 టన్నులు. దాన్నే 3,100 హార్స్‌పవర్‌కు పెంచితే డబ్ల్యూడీఎం-3ఎ. అదే శక్తితో సరుకు బండ్లకోసం చేసింది డబ్ల్యూడీజీ-3ఎ. 1999 నుంచి వచ్చిన డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4లది వేరే కుటుంబం, జనరల్ మోటార్స్ వంశం. హోసూరు దారిలో తిరిగిన ఇంజన్లలో చాలావాటికి ఇల్లు బెంగళూరు పక్కనున్న కృష్ణరాజపురం షెడ్డు, 1983లో మొదలైంది. దక్షిణాన ఈరోడ్, తిరుచ్చి పొన్మలై షెడ్లున్నాయి.

బయటి రూపం ఒకటే అనిపించినా ఈ ఆల్కో ఇంజన్లలో తేడాలు కింద ఉంటాయి. డబ్ల్యూడీఎం-2 కింది మూడిరుసుల చట్రంలో ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. ప్రతి ఇరుసుకూ ఒక మోటారు వేలాడదీయాలి, నడిమి కీలకానికీ చోటు కావాలి, అందుకని కీలకం నడిమి ఇరుసు మీద కాకుండా కాస్త పక్కకు జరిగింది. ఇంజను బరువు ఆ కీలకం మీదా, రెండు పక్కల ఆధారాల మీదా, మొత్తం మూడుచోట్ల పడుతుంది. డబ్ల్యూడీజీ-3ఎ కింద ఉండే చట్రం వేరు. చక్రాలు జారకుండా పట్టు పెంచడానికి దాన్ని కొత్తగా రూపొందించారు. ఇది తెలియక ఒకదాని పైతొడుగు ఇంకోదాని చట్రం మీద పెడితే, ఎంత బాగా రంగు వేసినా రైలు తెలిసినవాడి కన్ను అక్కడే పడుతుంది. బ్రేకు జాలీ సంగతీ అంతే. ఘాటు దిగేటప్పుడు మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగం తగ్గించే డైనమిక్ బ్రేకు ఉన్న ఇంజనుకు, పుట్టిన వేడి బయటికి పోవడానికి జాలీలుంటాయి. అది లేని ఇంజనుకు ఉండవు. అందుకే "డబ్ల్యూడీఎం-2 చేస్తున్నాను" అనుకుని మొదలుపెట్టకండి. ఒక నంబరు, ఒక ఫొటో, ఒక ఏడాది పట్టుకోండి. ఒకే ఇంజను పదేళ్లలో రంగు మార్చుకుంటుంది, దీపాలు మార్చుకుంటుంది, షెడ్డు కూడా మారుతుంది.

భారతీయ ఇంజన్లకు తయారుగా దొరికే నమూనాలు తక్కువ. కాబట్టి దారి మళ్లించుకోవాలి. ఆల్కో అమెరికాలో చేసిన ఆర్‌ఎస్‌డీ-4, ఆర్‌ఎస్‌డీ-5 ఇంజన్ల నమూనాలు అట్లాస్ పేరుతో వచ్చాయి. వాటి చక్రాల చట్రాలు మన డబ్ల్యూడీఎం-2 చట్రాలకు దగ్గరి చుట్టాలు. అక్కడున్న మనవాళ్లు సెలవులకు వస్తూ పాతదొకటి తేగలిగితే, మోటారూ చట్రమూ ఉంచుకుని పైతొడుగు మాత్రం మనం చేసుకోవచ్చు. ఈ పనికి హోసూరును మించిన ఊళ్లు దక్షిణాదిలో కొద్ది. టైటన్ గడియారాలు, టీవీఎస్ బండ్లు, అశోక్ లేలాండ్ లారీలు తయారయ్యే ఊరు. సన్నపని తెలిసిన చేతులకూ, లేజర్ కటింగ్ చేసే చిన్న వర్కుషాపులకూ కొదువ లేదు. పైతొడుగు ముద్రించే రెజిన్ ప్రింటరులో ఒక్కో పొర 0.05 మిల్లీమీటరు. అసలు లెక్కలో అది నాలుగు మిల్లీమీటర్లకు పైమాటే, అంటే నునుపుగా ఉండాల్సిన తలుపు మీద మెట్లు కనిపిస్తాయి. సన్నటి నీటి కాగితంతో రుద్దక తప్పదు.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన విషయం. పొడవును 87తో భాగిస్తే బరువును 87 ఘనంతో, అంటే సుమారు 6 లక్షల 60 వేలతో, భాగించాలి. 113 టన్నుల డబ్ల్యూడీఎం-2 నమూనా న్యాయంగా 171 గ్రాములు తూగాలి. కానీ మంచి హెచ్ఓ ఇంజన్లు 300 నుంచి 500 గ్రాములుంటాయి. కావాలనే లోపల లోహపు దిమ్మ పెడతారు. చక్రానికీ పట్టాకూ మధ్య ఘర్షణ ఎంతో, ఇంజను లాగగలిగేది అంతే. నమూనా లోహాల మధ్య అది బరువులో సుమారు ఐదో వంతు అనుకోవచ్చు. 400 గ్రాముల ఇంజను 80 గ్రాముల బలంతో లాగుతుంది. 140 గ్రాముల వ్యాగను మట్టంగా ఉన్న పట్టా మీద కదలడానికి తన బరువులో రెండు శాతం అడిగితే ఇరవై ఎనిమిది వ్యాగన్లు లాగొచ్చు. అదే పట్టాను నూటికి రెండు చొప్పున ఎక్కిస్తే ఒక్కో వ్యాగనుకు రెట్టింపు బలం కావాలి, ఇంజను తనను తానూ మోసుకోవాలి. లెక్క పన్నెండు వ్యాగన్ల దగ్గర ఆగిపోతుంది. వంపు కూడా తోడైతే ఇంకా తగ్గుతుంది.

తొప్పూరు ఘాటును బల్ల మీద తేవాలనుకునేవాళ్లు ఇది ముందే లెక్కేసుకోవాలి. ఒక పట్టా మీద నుంచి ఇంకో పట్టా దాటాలంటే 75 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. నూటికి రెండు చొప్పున ఎక్కితే అందుకు 3.75 మీటర్ల పట్టా ఖర్చవుతుంది, 559 మిల్లీమీటర్ల వంపులో ఒక పూర్తి చుట్టుకంటే ఎక్కువ. చిన్న బల్ల మీద ఎక్కుడు పెట్టకుండా, పట్టాను మట్టంగా ఉంచి చుట్టూ నేలను పైకీ కిందికీ కోస్తే ఘాటు భ్రమ అంతే బాగా వస్తుంది. ఒక పక్క గుట్ట, ఒక పక్క లోయ. కన్ను పట్టాను కొలవదు, నేలను చూస్తుంది.

వేగం కూడా భాగించాల్సిందే. గంటకు 120 కిలోమీటర్లు అంటే హెచ్ఓలో సెకనుకు 38 సెంటీమీటర్లు. చాలామంది దీనికి రెండింతలు పరిగెత్తిస్తారు. కెలమంగలం స్టేషనులో ఆగి బయల్దేరే ప్యాసింజరు సెకనుకు పది సెంటీమీటర్ల లోపు కదలాలి, అప్పుడే దానికి బరువు ఉన్నట్టుంటుంది.

బరువు ఉన్నట్టు అనిపించడమే నమూనా ఇంజనుకు అన్నిటికంటే కష్టమైన పరీక్ష. భూమ్యాకర్షణను ఎనభై ఏడుతో భాగించలేం. బండి తనంతట తాను దొర్లి ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం 87 వంతులు తగ్గితే దొర్లే దూరం 87 వర్గం, అంటే సుమారు ఏడున్నర వేల వంతులు తగ్గుతుంది. నిజమైన బండి ఇంజను ఆపేశాక ఒక కిలోమీటరు దొర్లిందనుకోండి. బల్ల మీద అది పదకొండున్నర మీటర్లు దొర్లితే చూడ్డానికి సరిగ్గా ఉండేది. ఘర్షణ పాళ్లు మారకున్నా, అది దొర్లేది పదమూడు సెంటీమీటర్లు. పైగా మోటారు నుంచి చక్రానికి శక్తినిచ్చే వార్మ్ గేరు చక్రం వైపు నుంచి తిప్పితే తిరగదు. కరెంటు పోయిన క్షణంలో ఇంజను మేకు కొట్టినట్టు ఆగిపోతుంది.

దీనికి మందు ఫ్లైవీల్, మోటారు ఇరుసుకు బిగించిన ఇత్తడి చక్రం. దాన్ని అక్కడే ఎందుకు పెడతారంటే, తిరిగే వస్తువులో దాగిన శక్తి చుట్ల సంఖ్య వర్గం లెక్కన పెరుగుతుంది. హెచ్ఓ డబ్ల్యూడీఎం-2 చక్రం వ్యాసం పన్నెండున్నర మిల్లీమీటర్లు. పూర్తి వేగంలో అది నిమిషానికి 580 చుట్లు తిరుగుతుంది. మధ్యలో 14:1 గేరు ఉంటే మోటారు ఎనిమిది వేల చుట్లు. పద్నాలుగు రెట్ల వేగం, దాదాపు రెండు వందల రెట్ల శక్తి నిల్వ. ఇంజను కొనేటప్పుడు పైతొడుగు తీసి చూపించమనండి. మోటారుకు రెండు పక్కలా ఇత్తడి చక్రాలున్నాయా, అన్ని చక్రాలూ పట్టా నుంచి కరెంటు తీసుకుంటున్నాయా, ఈ రెండూ చూడకుండా పై రంగు చూసి కొనకండి. కొన్ని ఇంజన్లలో పట్టు కోసం చక్రానికి రబ్బరు పట్టీ వేస్తారు. లాగుడు పెరుగుతుంది గానీ ఆ చక్రం కరెంటు తీసుకోదు. చిన్న బల్లకు అది అక్కరలేదు.

మిగతా జడత్వాన్ని ఇప్పుడు చిప్పు తీరుస్తుంది. డీసీసీ పద్ధతిలో పట్టాలో ఎప్పుడూ ఒకే వోల్టేజి ఉంటుంది. దాని దిశ మైక్రోసెకన్ల లెక్కన మారుతూ ఒకట్లూ సున్నాలుగా ఆజ్ఞలు మోస్తుంది. ఇంజనులోని డీకోడరు తన నంబరు విన్నప్పుడే స్పందిస్తుంది. వేగం ఎంత మెల్లగా పెరగాలి, ఎంతసేపట్లో ఆగాలి అన్నది అందులో రాసి పెట్టుకోవచ్చు. చిన్న కెపాసిటరు జతచేస్తే దుమ్ము వల్ల క్షణం కరెంటు పోయినా బండి ఆగదు. ఖర్చు ఎక్కువే. ఒకే ఇంజనుతో ఒకే దారి నడిపేవాళ్లు మామూలు 12 వోల్టుల డీసీతో హాయిగా ఉండొచ్చు.

అయితే శబ్దం కావాలంటే డీకోడరు తప్పదు, ఆల్కోకు శబ్దమే ప్రాణం. దాని ఇంజను ఊరికే నిలబడ్డప్పుడు నిమిషానికి 400 చుట్లు, వేగపు మీట చివరి మెట్టయిన ఎనిమిదో నాచ్‌లో 1,000 చుట్లు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి ప్రతి సిలిండరూ రెండు చుట్లకోసారి పేలుతుంది. పదహారు సిలిండర్లకు నిలబడి ఉన్నప్పుడు సెకనుకు 53 పేలుళ్లు, పూర్తి శక్తిలో 133. జనరల్ మోటార్స్ వంశపుది రెండు స్ట్రోకులది. ప్రతి చుట్టుకూ పేలుతుంది, 900 చుట్ల దగ్గర సెకనుకు 240. ఒకటి గుండెలో మోగుతుంది, ఇంకొకటి చెవిలో. ప్లాట్‌ఫారం మీద కళ్లు మూసుకున్నా ఏ వంశమో చెప్పగలిగేది ఇందుకే.

ఇంజనులో పట్టే స్పీకరు బొటనవేలి గోరంత. కొన్ని వందల హెర్ట్జ్ లోపు స్వరం దాని నుంచి దాదాపు రాదు. మరి 53 హెర్ట్జ్ గుడగుడ ఎలా వినిపిస్తుంది? మన మెదడు వినిపిస్తుంది. మూలస్వరం లేకపోయినా దాని గుణిజాలు 53 చొప్పున వరుసగా వినబడితే, లేని మూలాన్ని మెదడే పూరించుకుంటుంది. అందువల్ల స్పీకరు పెద్దది లేదని దిగులొద్దు. దాని వెనకవైపు గాలి చొరకుండా చిన్న డబ్బాలో బిగించడం ముఖ్యం. ముందు తరంగం, వెనక తరంగం కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తెరిచి పెట్టిన ఖరీదైన స్పీకరు కంటే మూసి బిగించిన చౌక స్పీకరు బాగా పలుకుతుంది.

నాచ్ పెంచగానే ఆల్కో నల్లపొగ వదలడానికీ కారణముంది. డీజిలు వెంటనే పెరుగుతుంది. గాలి నింపే టర్బో వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ నడుమ చాలినంత గాలి లేక కాలని కార్బన్ బయటికొస్తుంది. కాబట్టి ఆల్కో పైకప్పు మీద పొగగొట్టం చుట్టూ మసి ఉండి తీరాలి. నున్నగా మెరిసే పైకప్పుతో ఉన్న ఆల్కో, షెడ్డులోంచి అప్పుడే రంగేసి బయటికొచ్చినదై ఉండాలి.

సన్నపని ఎంతవరకు చెయ్యాలి? బల్ల మీది ఇంజనును మనం రెండడుగుల దూరం నుంచి చూస్తాం. 60 సెంటీమీటర్లు అసలు లెక్కలో 52 మీటర్లు. యాభై మీటర్ల దూరం నుంచి ఇంజనును చూస్తే బోల్టులు కనబడవు. చేతికమ్మీలు, కిటికీల మందం, జాలీల లోతు, ముందు దీపాలు, పశువులు తగలకుండా పెట్టిన కేటిల్ గార్డు, కప్పు మీది ఆంబర్ ఫ్లాషర్ దీపం, ఇవి కనబడతాయి. శ్రమంతా వీటిమీద పెట్టండి.

చేతికమ్మీ ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. అసలు గొట్టం సుమారు 30 మిల్లీమీటర్లనుకుంటే హెచ్ఓలో 0.35. అచ్చుపోసిన ప్లాస్టిక్ కమ్మీలు సాధారణంగా దీనికి రెండింతలు లావు, ఇంజనును బొమ్మగా చూపించేది ముందు అవే. వాటిని కోసేసి, 0.35 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ తీసుకోండి. తీగ వంకర తీయడానికి ఒక కొసను వైసులో బిగించి రెండో కొసను పటకారతో పట్టి మెల్లగా లాగితే కొద్దిగా సాగి సూటిగా నిలుస్తుంది. రంధ్రాలకు 0.4 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టును చేతి చక్‌లో పెట్టి వేళ్లతోనే తిప్పాలి. కరెంటు డ్రిల్లు వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది. ముందు సూదిమొనతో గుంట పెట్టకపోతే బిట్టు జారి తలుపు మీద గీత పడుతుంది. తీగ రెండు కొసలూ వంచాక, లోపలివైపు నుంచి చుక్క జిగురు. బయటివైపు జిగురు పెడితే రంగు వేశాక మెరుపు మచ్చ ఎప్పటికీ పోదు.

రంగు మందం కూడా కొలత తప్పిస్తుంది. బ్రష్షుతో వేసిన పూత 0.04 మిల్లీమీటరుంటే అసలు లెక్కలో మూడున్నర మిల్లీమీటర్ల మందం. రెండు మూడు పూతలకు తలుపుల సందులు పూడిపోతాయి. ఎయిర్‌బ్రష్షుతో పలచగా వేయాలి. డబ్బాలోని రంగు ఉన్నదున్నట్టు వేస్తే గదిలో ఇంజను నల్లబడ్డట్టుంటుంది. ఎండలో చూసిన వస్తువును ట్యూబులైటు కింద చూస్తున్నాం కదా. పైగా యాభై మీటర్ల గాలి పొర రంగును కాస్త వెలిసినట్టు చూపాలి. పదో వంతు తెలుపు కలిపితే చాలు.

అక్షరాల దగ్గర మనకు ఒక ఆనందముంది. తెలుగునాట షెడ్ల ఇంజన్ల మీద షెడ్డు పేరు తెలుగులోనూ ఉండేది. హోసూరుకు ఎప్పుడైనా వచ్చిన గుత్తి ఇంజను చేస్తే "గుత్తి" అని తెలుగులో రాయొచ్చు. పది సెంటీమీటర్ల అక్షరం నమూనాలో ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఇంట్లో లేజర్ ప్రింటరు తెలుపు అచ్చు వేయదు. తెల్లని డెకాల్ కాగితం మీద ఇంజను రంగును నేపథ్యంగా వేసి అక్షరాన్ని ఖాళీగా వదిలేయాలి, అప్పుడు కాగితపు తెలుపే అక్షరమవుతుంది. ఎర్రమట్టి దుమ్మును చక్రాల మీదా కింది చట్రం మీదా మాత్రమే పులమండి, కిటికీల పైన దుమ్ము పైనుంచి కిందికి గీతలుగా ఉంటుంది. ఇంధన ట్యాంకు మూత కింద ఒక్క జిడ్డు చార చాలు.

పట్టా కింద రాళ్లకు మన ప్రాంతంలో వెతకనే అక్కరలేదు. కృష్ణగిరి జిల్లా గ్రానైటుకు పేరు. నిజమైన రైలు కంకర 20 నుంచి 65 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, పెద్ద రాయి ఎనభై ఏడో వంతులో 0.75 మిల్లీమీటరు. గ్రానైటు కోసే చోట మిగిలే పొడిని రెండు జల్లెళ్లలో పట్టి, సన్నదాన్ని వదిలేసి మధ్యరకం ఉంచుకోండి. తర్వాత ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ పొడి మీద తిప్పండి. రంపపు ఇనుప రజను అంటుకుంటుంది. ఈ పని మానేస్తే ఆ రజను మోటారులోని అయస్కాంతం దగ్గరికి చేరి ఇంజనును నెలల్లో చంపేస్తుంది. పట్టాలను వారానికోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడవాలి.

చివరగా హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి వైపు చదువరులకు ఒక విన్నపం. ఈ దారిలో ఇంకా అప్పుడప్పుడు డీజిలు వస్తూనే ఉంది. కనబడితే స్టేషను మాస్టరును అడిగి ఫొటో తీయండి. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి, కింది చట్రం దగ్గరగా ఒకటి. నంబరూ తేదీ రాసుకోండి. మీ ఇంట్లో మీటర్ గేజి రోజుల హోసూరు, కెలమంగలం, రాయకోట స్టేషన్ల పాత ఫొటో ఉంటే, అందులో ఇంజను ఒక మూల మాత్రమే పడి ఉన్నా సరే, స్కాన్ చేయించి పెట్టండి. నమూనా చేసేవాడికి ఆ మూల చాలు.